సూది విరిగితే చెయ్యెత్తగలిగే లైను

సంపాదకులకు నమస్కారం.

బెంగళూరులో పీణ్యా నుంచి బొమ్మసంద్ర దాకా, మైసూరు రోడ్డు నుంచి దొడ్డబళ్లాపురం దాకా ఏ ఫ్యాక్టరీలో ఉత్పత్తి పడిపోయినా మర్నాటి మీటింగులో ముందుగా వినిపించేది ఒకటే మాట: ‘వర్కర్ల ఆటిట్యూడ్ సరిగా లేదు.’ ఆ మాట పడ్డాక చర్చ అక్కడితో ఆగిపోతుంది. ఎవరి వైఖరి, దేని మీద, ఎప్పటినుంచి, అది మీకెలా తెలిసింది అని అడిగేవారుండరు. ఈ ఫ్యాక్టరీల్లోని కుట్టు లైన్లలో (ఒకరు కుట్టింది ఇంకొకరికి అందుతూ బట్ట తయారయ్యే మెషిన్ల వరసల్లో) హిందూపురం, మడకశిర, కదిరి, మదనపల్లె వైపు నుంచి వచ్చిన తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు. బాగేపల్లి, పావగడ, కోలారు వైపు నుంచి వచ్చి ఇంట్లో తెలుగే మాట్లాడుకునేవాళ్లూ తక్కువేం కాదు. మేము ఈ ఫ్యాక్టరీల్లో ప్రొడక్షన్, ఇండస్ట్రియల్ ఇంజనీరింగ్, పర్సనెల్ (సిబ్బంది వ్యవహారాల) విభాగాల్లో ఉన్నవాళ్లం. పనివాళ్ల మనసుకీ ఫ్యాక్టరీ ఫలితానికీ లంకె నిజంగానే ఉంది. అయితే దాన్ని వెతకాల్సిన చోట వెతకడం లేదు, కొలవాల్సిన పద్ధతిలో కొలవడం లేదు. మీ పత్రికను యజమానులూ చదువుతారు, పనివాళ్లూ చదువుతారు కనుక మాకు తెలిసిన వివరాలు రాస్తున్నాం.

కుట్టు ఫ్లోరులో సూది విరగడం రోజూ ఉండేదే. గుడ్డ మడతలు మందంగా ఉన్నచోట, కాలరు మూల దగ్గరో ప్యాంటు నడుంపట్టీ దగ్గరో, ఫట్‌మని విరుగుతుంది. అప్పుడు టైలరు మెషిన్ ఆపి చెయ్యెత్తాలి. విరిగిన ముక్కలన్నీ ఏరి రిజిస్టరులో టేపుతో అతికించి, మొన దగ్గర్నుంచి మొదలు దాకా సూది మొత్తం వచ్చిందని చూసుకున్నాకే కొత్త సూది ఇవ్వాలి. ఒక్క ముక్క దొరక్కపోయినా ఆ మెషిన్ దగ్గరున్న బండిళ్లన్నీ (కుట్టాల్సిన గుడ్డముక్కల కట్టలు) పక్కకు తీసి మెటల్ డిటెక్టరులోంచి పంపాలి. పావుగంట పోతుంది, ఒక్కోసారి ఇంకా ఎక్కువే. పసిపిల్లల చొక్కాలో సూదిమొన ఉండిపోయి అది కొన్నవాళ్ల ఇంట్లో బయటపడితే సరుకంతా వెనక్కొస్తుంది, ఆ కంపెనీ ఆర్డర్లు మళ్లీ రావు. అందుకే ఇంత జాగ్రత్త.

ఇప్పుడు మధ్యాహ్నం మూడున్నర అనుకోండి. లైను ముందు బోర్డు మీద గంటకు 60 చొక్కాలని టార్గెట్ రాసుంది. పోయిన గంటలో 52 వచ్చాయి. సూపర్‌వైజర్ అప్పటికే రెండుసార్లు అరిచి వెళ్లాడు. అలాంటప్పుడు సూది విరిగింది. ఆ టైలరు దగ్గర దిండులో గుచ్చి దాచుకున్న సూది ఒకటుంది. అర నిమిషంలో మార్చేసి కుట్టుకుంటూ పోవచ్చు. చెయ్యెత్తితే లైను ఆగుతుంది, అందరి ముందూ మాట పడాలి. ఆమె ఏం చేస్తుందనేదే పనివాళ్ల వైఖరి. సూది దాచుకుంటే ఆ గంట బోర్డు మీద 60కి 60 పడుతుంది, లెక్కల్లో లైను బాగా నడిచినట్టే కనిపిస్తుంది, సూదిముక్క మాత్రం అట్టపెట్టెలో ప్యాక్ అయిపోతుంది. పక్క లైనులో అదే జీతం, అదే మెషిన్లు, అదే టార్గెట్. సూపర్‌వైజర్ మాత్రం ‘ఆపింది మంచి పనే, వెతుకుదాం రా’ అనే మనిషి. అక్కడ చెయ్యి లేస్తుంది. యజమానులు వైఖరి అనగానే నవ్వుముఖం, నమస్కారం, యూనియన్ జోలికి పోకపోవడం అనుకుంటున్నారు. అవి మెటల్ డిటెక్టరుకు అక్కరకు రావు.

సంతోషంగా ఉన్న పనివాడు ఎక్కువ పని చేస్తాడని అందరూ నమ్ముతారు. ఇది అంత తిన్నగా లేదని పరిశోధనలు ఎప్పటినుంచో చెబుతున్నాయి. ఒక్కొక్క మనిషి తృప్తినీ ఒక్కొక్కరి పనితీరునూ పక్కపక్కన పెట్టి చూసిన పాత అధ్యయనాలన్నిటినీ కలిపి 1985లో లెక్కేస్తే వాటి మధ్య సంబంధం 0.17 దగ్గర తేలింది. 1 అంటే పూర్తి సంబంధం, 0 అంటే అసలు లేదని అర్థం. 2001లో 54,417 మంది వివరాలతో, కొలతల్లో ఉండే లోపాలను సరిచేసి మళ్లీ లెక్కగడితే 0.30 వచ్చింది. అయినా పనితీరులో తేడాల్లో తృప్తితో ముడిపడినవి నూటికి తొమ్మిది పాళ్లే. లైనులో పనిచేసేవాళ్లకు ఇది ఆశ్చర్యం కలిగించదు. చేతికి బండిల్ అందకపోతే ఎంత మనసుపెట్టిన టైలరైనా చేతులు కట్టుకుని కూర్చోవాల్సిందే. వెనకనుంచి బండిళ్లు వచ్చి పడుతుంటే ఎంత విసుగున్నా కుట్టక తప్పదు. వేగాన్ని లైను నిర్ణయిస్తుంది, ఆమె మనసు నిర్ణయించదు.

మనిషిని విడిగా కాక సంస్థను మొత్తంగా చూస్తే సంగతి మారుతుంది. 1992లో అచ్చయిన ఒక అమెరికన్ అధ్యయనం 298 బడుల్లో 13,808 మంది ఉపాధ్యాయుల వైఖరిని బడివారీగా సగటు కట్టి చూసింది. ఉపాధ్యాయుల తృప్తి ఎక్కువగా ఉన్న బడుల్లో చదువు ఫలితాలు, హాజరు మెరుగ్గా ఉన్నాయి, మానేసి వెళ్లేవాళ్లు తక్కువగా ఉన్నారు. ఒక టీచరు మనసు ఒక క్లాసును దాటి పోకపోవచ్చు. నలభైమంది మనసు కలిస్తే ఒకరు రానినాడు ఇంకొకరు ఆ క్లాసు తీసుకుంటారు, కొత్తగా వచ్చినవాళ్లకు పని నేర్పుతారు, తప్పు కనబడితే చెబుతారు. ఏ ఒక్కరి పనితీరు రికార్డులోనూ ఇవి కనిపించవు. కుట్టు లైనుకూ ఇంతే. సాఫ్ట్‌వేర్ ఆఫీసులో తప్పు దొరికినా రిలీజు దాకా నోరు మెదపకుండా కూర్చునే టీముకూ ఇంతే.

ఇంకొకటీ చెప్పాలి, యజమానులకు ఇది నచ్చకపోవచ్చు. 2003లో 35 కంపెనీల ఎనిమిదేళ్ల లెక్కలు చూసిన అధ్యయనంలో, తృప్తి వల్ల లాభం వచ్చిన జాడ కన్నా లాభం వచ్చాక తృప్తి పెరిగిన జాడే బలంగా కనిపించింది. బాగా నడిచే సంస్థలో జీతం టైముకు పడుతుంది, మెషిన్లు మంచి స్థితిలో ఉంటాయి, రేపేమవుతుందోనన్న బెంగ ఉండదు. అందుకని మనసు కుదుటపడుతుంది. కాబట్టి ‘ముందు మీ ఆటిట్యూడ్ మార్చుకోండి, తర్వాత ఫ్యాక్టరీ బాగుపడుతుంది’ అని పనివాళ్లకు క్లాసు పీకడం బండిని ఎద్దుల ముందు కట్టినట్టే.

వైఖరి నేరుగా డబ్బుగా మారేది నాగా దగ్గర. దీన్ని లెక్కతోనే చూపిస్తాం, ఎందుకంటే మేనేజర్లు దీన్ని తరచూ తక్కువగా వేస్తారు. ఒక లైనులో 40 మంది టైలర్లు, షిఫ్టు 480 నిమిషాలు, చొక్కా ఒకటికి 20 ప్రామాణిక నిమిషాలు (లెక్క ప్రకారం దాన్ని కుట్టడానికి పట్టాల్సిన సమయం), సామర్థ్యం 50 శాతం (పనిచేసిన నిమిషాల్లో సగమే చొక్కాలుగా తేలుతుంది) అనుకుందాం. 40 గుణించు 480 అంటే 19,200 నిమిషాలు. అందులో సగం 9,600. దాన్ని 20తో భాగిస్తే రోజుకు 480 చొక్కాలు, గంటకు 60. నలుగురు నాగా పెట్టారు. పదిమందికి ఒకరు తగ్గారు కాబట్టి పదోవంతు తగ్గి 432 రావాలని మేనేజర్ అనుకుంటాడు. రావు. ఆ నలుగురిలో కాలరు అతికించే ఆమె ఉంటే ఆమె వెనక బండిళ్లు పేరుకుంటాయి, ముందున్నవాళ్లు ఖాళీగా కూర్చుంటారు. ఆమె చోట జేబు కుట్టే అమ్మాయిని కూర్చోబెడతారు. ఆమె కుట్టిన కాలర్లు ఆల్టరుకు (విప్పి మళ్లీ సరిచేయడానికి) తిరిగొస్తాయి. సామర్థ్యం 50 నుంచి 45కి దిగిందనుకున్నా 36 మందితో 389 చొక్కాలే అవుతాయి. పోయినవి 91. అందులో ఖాళీ కుర్చీల వల్ల పోయినవి 48, లైను కుదురు చెడిపోయి పోయినవి 43. అంటే పది శాతం నాగాకు పంతొమ్మిది శాతం నష్టం. ఆ సాయంత్రం తిట్లు తినేది వచ్చిన 36 మంది. మర్నాడు అందులో ఇద్దరు రారు.

దీనికి ఆసరా ఏమిటంటే మూడు నాలుగు పనులు వచ్చిన టైలర్లను లైనుకు ఇద్దరు ముగ్గురు చొప్పున తయారుచేసి ఉంచుకోవడం. ఎవరికి ఏ ఆపరేషన్ (కాలరు, జేబు లాంటి ఒక్కో కుట్టు పని) వచ్చో ఒక పట్టిక గోడకు అంటించాలి. ఆ అదనపు నేర్పుకు అదనంగా డబ్బివ్వాలి. చాలాచోట్ల ఇవ్వరు. పైగా ‘నీకు అన్నీ వచ్చుగా’ అని రోజుకో మెషిన్ మీదికి తోస్తారు. దాంతో పని నేర్చుకోవడమే తప్పయిందని పక్కవాళ్లు గ్రహిస్తారు. ఇంకో మూడు నెలలకు కొత్త ఆపరేషన్ నేర్చుకుంటామని ముందుకొచ్చేవాళ్లుండరు.

నాగా శాతం కట్టడం తేలిక. 40 మందికి 26 పనిదినాలు, అంటే 1,040. రానివి 73 అయితే 7 శాతం. అయితే ఈ ఒక్క అంకెతో ఎవరి వైఖరీ తేలదు. చెప్పి తీసుకున్న సెలవునూ చెప్పకుండా పెట్టిన నాగానూ విడదీయాలి. సెలవు అడిగితే ఇస్తారన్న నమ్మకం ఉన్నచోట మొదటిది ఎక్కువ, లేనిచోట రెండోది ఎక్కువ. ఫోన్ చేస్తే తిడతారని తెలిసినప్పుడు ఎవరూ ఫోన్ చేయరు. సంక్రాంతి, ఉగాది, వరలక్ష్మీ వ్రతం, ఊరి జాతర, జూన్‌లో బడులు తెరిచే వారం వస్తే ప్రతి లైనులోనూ నాగాలు పెరుగుతాయి. అందుకని ఒక లైనును దాని పోయిన నెలతో పోల్చకూడదు. అదే నెలలో అదే ఫ్లోరులో ఉన్న మిగతా లైన్లతో పోల్చాలి. పండగ అందరికీ ఒకటే, తేడా సూపర్‌వైజర్ దగ్గర వస్తుంది.

హాజరు బోనస్ సంగతీ చూడండి. నెలంతా ఒక్క నాగా లేకపోతే ఇంత అని ఇస్తారు. 5వ తేదీన బిడ్డకు జ్వరమొచ్చి ఒకరోజు ఆగిపోయిన తల్లికి ఆ నెల బోనస్ పోయింది. మిగిలిన ఇరవైకి పైగా రోజులు ఆమెను రప్పించడానికి ఆ బోనస్ ఇంక పనికిరాదు. అదే మొత్తాన్ని నాలుగు వారాలకు పంచి, వారంవారం లెక్కిస్తే ఒక వారం పోయినా మూడు వారాలు మిగులుతాయి. యజమానికి పడే ఖర్చు దాదాపు అంతే.

వైఖరి అనుకుని పొరబడేవి కూడా ఉన్నాయి. ఏప్రిల్‌లో మధ్యాహ్నం పూట లైను మందగిస్తే అది బద్ధకం అనేస్తారు. బెంగళూరు చుట్టుపక్కల గార్మెంట్ ఫ్యాక్టరీల్లో పాత దీపాలు తీసి ఎల్‌ఈడీలు పెట్టినప్పుడు ఏమైందో ఆర్థికవేత్తలు లైనువారీ రోజువారీ ఉత్పత్తితో, వాతావరణ లెక్కలతో కలిపి చూశారు. ఎండ పెరిగేకొద్దీ ఉత్పత్తి పడిపోతోంది. తక్కువ వేడి పుట్టించే ఎల్‌ఈడీలు వచ్చాక వేడి రోజుల్లో ఉత్పత్తి మెరుగైంది. కరెంటు ఆదా ఒక్కటే లెక్కేస్తే దీపాలపై పెట్టిన డబ్బు తిరిగి రావడానికి ఎంత కాలం పడుతుందో, ఉత్పత్తి లాభం కూడా కలిపితే అందులో ఆరో వంతు కాలం చాలని తేలింది. మనుషులు అవే, వాళ్ల స్వభావమూ అదే, తల మీది వేడి మాత్రం తగ్గింది. బాత్రూముకు వెళితే టైము రాసుకునేచోట ఆడవాళ్లు నీళ్లు తాగడం మానేస్తారు, మధ్యాహ్నానికి తలనొప్పి వస్తుంది. దాన్నీ ఆటిట్యూడ్ ఖాతాలోనే రాస్తున్నారు.

జీతం ఎంత అన్నదాని కన్నా పక్కవాడితో పోలిస్తే ఎంత అన్నది మనసును ఎక్కువగా విరుస్తుంది. ఒడిశాలో నెలరోజుల పాటు తయారీ పనివాళ్లతో జరిపిన ప్రయోగం ఫలితాలు 2018లో వెలువడ్డాయి. ఒకే జట్టులో తేడా జీతాలు ఇచ్చి, ఆ తేడా ఎందుకో కంటికి కనిపించకుండా ఉన్నప్పుడు తక్కువ జీతం వచ్చినవాళ్ల పని తగ్గింది, హాజరు 18 శాతం పాయింట్లు పడిపోయింది. రానిరోజుకు జీతం పోతుందని తెలిసీ రాలేదు. ఎవరెంత పని చేస్తున్నారో అందరికీ స్పష్టంగా కనిపించేచోట మాత్రం అదే తేడాకు ఈ నష్టం లేదు. ఈ సంగతి బెంగళూరుకు కొత్త కాదు. 1980 డిసెంబరు చివర్లో మొదలై 77 రోజులు నడిచిన ప్రభుత్వరంగ సమ్మెలో హెచ్‌ఏఎల్, బీఈఎల్, హెచ్‌ఎంటీ, ఐటీఐ వంటి సంస్థల కార్మికులు లక్షకు పైగా పాల్గొన్నారు. బీహెచ్‌ఈఎల్‌లో వాళ్లకు ఇచ్చినట్టు మాకూ ఇవ్వాలన్నదే అప్పటి ప్రధాన కోరిక.

ఫ్లోరు మీద దీనికి అర్థం ఏమిటంటే, ఎ గ్రేడు టైలరు అంటే ఎవరు, ఎన్ని ఆపరేషన్లు ఏ వేగంతో చేయాలి, పరీక్ష ఎప్పుడు, ఎవరు పెడతారు అన్నవి అచ్చువేసి గోడకు పెట్టాలి. సూపర్‌వైజర్ ‘వీళ్లు మనవాళ్లు’ అని గ్రేడు మార్చే వీలుండకూడదు. జీతం చీటీ ఇంగ్లీషులో ఉంటే ఓటీ (ఓవర్‌టైమ్) ఎన్ని గంటలు, ఏ రేటు, ఎంత కోత అన్నది ఎవరికీ తెలియదు. నూరు రూపాయల తేడా వచ్చినా మోసమనే అనుకుంటారు, నిజంగా అది లెక్క తప్పే అయినా సరే. ఓటీకి చట్ట ప్రకారం మామూలు రేటుకు రెట్టింపు రావాలి. చీటీ మీద ఆ గుణకారం కనబడేలా రెండు వరసలు అదనంగా అచ్చువేస్తే సరిపోతుంది.

2016 ఏప్రిల్ 18, 19 తేదీల్లో గార్మెంట్ పనివాళ్లు, ఎక్కువమంది ఆడవాళ్లే, బెంగళూరు రోడ్లమీదికి రావడం చాలామందికి గుర్తుంటుంది. పీఎఫ్‌లో యజమాని వాటాను 58 ఏళ్లు వచ్చేదాకా తీసుకోనివ్వని కొత్త నిబంధన మీద వచ్చిన కోపం అది. 19నే కేంద్రం ఆ నిబంధనను వెనక్కి తీసుకుంది. ఎక్కడా నాలుగైదేళ్లకు మించి పనిచేయలేని ఈ రంగంలో, బిడ్డ ఫీజుకో పెళ్లికో తీసుకునే ఆ డబ్బు మీద ఎంత ఆశ పెట్టుకున్నారో అంతకుముందు ఏ సర్వే ఫారమూ వాళ్లను అడగలేదు. ఫారాల్లో అంతవరకు అంతా ‘తృప్తికరం’.

సరే, ఫారాల సంగతికే వస్తాం. మాట చెప్పే వీలు ఇవ్వడానికి విలువ ఉంది. 2016లోనే మన దేశపు గార్మెంట్ ఫ్యాక్టరీల్లో జీతాల పెంపు ఆశించినంత రాని సమయంలో, కొందరిని లాటరీ పద్ధతిలో ఎంచుకుని పేరు లేని సర్వేలో పని గురించి, సూపర్‌వైజర్ గురించి అభిప్రాయం అడిగారు. అడిగినవాళ్లలో ఆ తర్వాత మానేయడం, నాగాలు రెండూ తగ్గాయి. ఎక్కువ నిరాశపడ్డవాళ్లలో ఈ తేడా ఎక్కువగా కనిపించింది. అడిగినంత మాత్రానే ఇంత. మరి ఏటా సర్వే చేసే ఫ్యాక్టరీల్లో ఈ ఫలితం ఎందుకు రావడం లేదు?

మొదటి లోపం లిపి. ఫారం ఇంగ్లీషులోనో కన్నడలోనో ఉంటుంది, ఈమధ్య హిందీలోనూ ఇస్తున్నారు. తెలుగువాళ్లు ఎక్కువున్నారని ఎవరైనా పట్టించుకుంటే తెలుగు ఫారం ఒకటి చేయిస్తారు. అదీ చాలదు. హిందూపురం అమ్మాయి తెలుగు లిపి చదువుతుంది. బాగేపల్లి అమ్మాయి ఇంట్లో తెలుగే మాట్లాడినా బడిలో చదివింది కన్నడం. కాబట్టి ‘మీ మాతృభాష ఏది’ అని అడిగి ఫారం ఇవ్వకూడదు. ‘మీరు చదవగలిగేది ఏ అక్షరం’ అని అడిగి ఇవ్వాలి. రెండూ చదవలేనివాళ్లకు లైనుకు సంబంధం లేని మనిషి ఒకరు గట్టిగా చదివి వినిపించాలి, వాళ్లు అంకెల కాగితం మీద టిక్కు పెట్టుకోవాలి.

రెండోది మాట. ‘నేను సంస్థ పట్ల నిబద్ధత కలిగి ఉన్నానని ఏకీభవిస్తున్నాను’ అని రాస్తే ఎవరూ ‘లేదు’ అనరు. అర్థమై కాదు, పెద్దమాట ముందు మొహమాటంతో. ‘వేరేచోట ఇదే జీతమిస్తే ఇక్కడే ఉంటాను’ అని రాస్తే జవాబు వస్తుంది. ‘తప్పు జరిగితే మా సూపర్‌వైజర్‌కు భయపడకుండా చెప్పగలను’, ‘నా ఓటీ ఎంత రావాలో నేనే లెక్క చూసుకోగలను’, ‘అవసరమైనప్పుడు బాత్రూముకు వెళ్లడానికి ఇబ్బంది లేదు’, ‘పని రానివాళ్లకు మా లైనులో నేర్పుతారు’ ఇలాంటి వాక్యాలు పన్నెండు చాలు. ‘ఇబ్బంది లేదు’ లాంటి వాక్యానికి ‘లేదు’ అన్న జవాబు పెడితే అటూఇటూ అవుతుంది. అందుకే జవాబులు ‘ఎప్పుడూ, చాలావరకు, ఒక్కోసారి, అరుదుగా, ఎప్పుడూ కాదు’ అని అయిదు గడుల్లో పెట్టి, ముందుగా పదిమందితో నింపించి, ఎక్కడ ఆగుతున్నారో పక్కన కూర్చుని చూడాలి.

మూడోది భయం, అదే అన్నిటికన్నా పెద్దది. ఫారం మీద టోకెన్ నంబరుంటే ఎవరూ నిజం రాయరు. నంబరు లేకుండా వయసు, ఊరు, చేరిన సంవత్సరం అడిగినా అంతే. నలభైమంది లైనులో 2019లో చేరిన కదిరి మనిషి ఎవరో అందరికీ తెలుసు. లైను నంబరు ఒక్కటే ఉండాలి. పదిమంది కన్నా తక్కువ నింపిన లైను ఫలితాన్ని విడిగా చూపకూడదు. ఫారాలను సూపర్‌వైజర్ సేకరించకూడదు, తాళం వేసిన డబ్బాలో వేయాలి. అందరికీ ఒకేరకం పెన్సిళ్లు ఇవ్వాలి, టిక్కులు తప్ప రాత ఉండకూడదు.

షిఫ్టు అయిపోయాక బస్సు పట్టుకునే తొందరలో నింపిస్తే పై నుంచి కిందికి ఒకే గడిలో గీత గీసి ఇచ్చేస్తారు. షిఫ్టులోనే, జీతమిచ్చే సమయంలో 20 నిమిషాలు లైను ఆపాలి. అంత ఖర్చెందుకు అంటారు. పై లెక్కలోని లైనుకు 40 మంది గుణించు 20 నిమిషాలు అంటే 800 నిమిషాలు, 50 శాతం సామర్థ్యంతో 20 చొక్కాలు. నలుగురు నాగా పెట్టిన ఒక్క రోజున పోయింది 91.

సగటు ఒక్కటే చూసి సంతృప్తిపడటం ఇంకో పొరపాటు. ‘ఎప్పుడూ’కు 5, ‘ఎప్పుడూ కాదు’కు 1 చొప్పున గడులకు అంకెలు వేశామనుకోండి. 30 మందిలో అందరూ నడిమి గడి టిక్కు పెడితే సగటు 3. పదిహేనుమంది 5, పదిహేనుమంది 1 పెట్టినా సగటు 3. మొదటిది మొహమాటం. రెండోది లైను రెండుగా చీలిపోయిందనడానికి గుర్తు, అక్కడ రేపోమాపో గొడవ కాచుకుని ఉంది. ఏ గడిలో ఎంతమందో తప్పకుండా చూడాలి. బోనస్ ఇచ్చిన వారంలోనూ, జీతం ఆలస్యమైన వారంలోనూ సర్వే పెట్టకూడదు.

ఫలితాన్ని 15 రోజుల్లో రెండు లిపుల్లోనూ నోటీసు బోర్డు మీద పెట్టాలి. వచ్చిన ఫిర్యాదుల్లో ఒక్కటి, ఒక్కటే, ఎంచుకుని నెలలోపు కళ్లకు కనిపించేలా సరిచేయాలి. మిగతావి ఎందుకు చేయలేకపోతున్నారో చెప్పాలి. ఈ మెట్టు దగ్గరే చాలా కంపెనీలు ఆగిపోతాయి. రెండో ఏడాది వచ్చే ఫారాలు ఆ సంగతి చెబుతాయి: అన్నీ ‘చాలావరకు’ గడి, లేకపోతే ఖాళీ.

సర్వే ఏడాదికొకసారే కాబట్టి నెలనెలా ప్రతి లైనుకూ చూడాల్సినవి వేరే ఉన్నాయి. చెప్పకుండా పెట్టిన నాగాల శాతం ఒకటి. చేరిన 90 రోజుల్లోపు మానేసినవాళ్ల సంఖ్య ఇంకొకటి. మా అనుభవంలో జీతం గురించి మానేసేవాళ్లు ఇంకా ఎక్కువకాలమే ఉంటారు, మొదటి మూడు నెలల్లో పోయేవాళ్లు సూపర్‌వైజర్ నోటికి పోతారు. మూడోదాన్ని ఎవరూ రాసుకోవడం లేదు. మొత్తం ఆల్టర్లలో టైలర్లే తమంతట తాము చూపించినవి ఎన్ని, చివర క్యూసీ (నాణ్యత తనిఖీ) పట్టుకున్నవి ఎన్ని? మొదటి వాటా పెరుగుతుంటే లైను నోరు విప్పుతోందని అర్థం. ఇక్కడ ఒక హెచ్చరిక: సూపర్‌వైజర్ మారి మంచి మనిషి వచ్చిన మొదటి నెలలో ఆల్టర్లు, విరిగిన సూదుల లెక్క పెరుగుతాయి. అంతకుముందు దాగినవి బయటపడతాయి గనుక. ఆ అంకె చూసి కొత్త సూపర్‌వైజర్‌ను మందలిస్తే అంతా మొదటికొస్తుంది. ఇలా జరగడం చాలా మామూలు.

సూపర్‌వైజర్లనూ తప్పు పట్టి వదిలేయలేం. వాళ్లలో చాలామంది నిన్నటి టైలర్లే. కుట్టడం వచ్చు గనుక పైకి తెచ్చారు, మనుషులతో మాట్లాడటం ఎవరూ నేర్పలేదు. పైనుంచి గంటగంటకూ ఫోన్. వాళ్ల ప్రోత్సాహకం మొత్తం చొక్కాల సంఖ్య మీదే కట్టారు. అందులో మూడోవంతైనా పైన చెప్పిన నాగా, 90 రోజుల అంకెల మీద కడితే అరుపు దానంతటదే తగ్గుతుంది. లైనుకు అరవైమంది ఉంటే పేర్లయినా తెలియవు. ముప్పై నలభైకి ఒకరుండాలి.

చివరగా చట్టం ఇచ్చిన వీలు ఒకటుంది, దాన్ని వాడుకునేవాళ్లు తక్కువ. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ ప్రకారం 20 మంది, అంతకన్నా ఎక్కువమంది పనివాళ్లున్న ప్రతి సంస్థలోనూ ఫిర్యాదుల పరిష్కార కమిటీ ఉండాలి. యజమాని తరఫు, పనివాళ్ల తరఫు సమానంగా మొత్తం పదిమందికి మించకూడదు. పనివాళ్లలో ఆడవాళ్లు ఎంత శాతమో కమిటీలోనూ అంత తగ్గకూడదు. ఫిర్యాదు అందిన 30 రోజుల్లో తేల్చాలి. పనివాళ్ల ప్రతినిధుల్లో సగం కన్నా ఎక్కువమంది ఒప్పుకుంటేనే ఆ నిర్ణయం చెల్లుతుంది. కాగితం మీద కమిటీ చాలాచోట్ల ఉంది. ప్రతినిధుల పేర్లు హెచ్‌ఆర్ వాళ్లే రాసుకుంటారు, కమిటీ ఉన్నట్టు లైనులో ఎవరికీ తెలియదు. సభ్యుల పేర్లు, ఫొటోలు, వాళ్లు కూర్చునే లైను నంబరు క్యాంటీన్ గోడ మీద తెలుగులో, కన్నడంలో పెట్టాలి. ఫిర్యాదు రాయలేనివాళ్లు నోటితో చెబితే సభ్యులే రాసుకుని, చదివి వినిపించి, తేదీ వేసిన రసీదు చేతికివ్వాలి. ఈ నెలలోనే తమ ఫ్యాక్టరీ క్యాంటీన్ గోడ చూసుకోమని యజమానులనూ, ఆ రసీదు అడగమని అక్కచెల్లెళ్లనూ అన్నదమ్ములనూ మీ పత్రిక ద్వారా కోరుతున్నాం.

ఇట్లు
బెంగళూరు పారిశ్రామిక ప్రాంతాల్లో పనిచేస్తున్న కొందరు తెలుగు ఉద్యోగులు
పీణ్యా, బెంగళూరు